చేతికీ నోటికీ మధ్య

ఆ రబ్బరు రొమ్ము నా దగ్గరికి వచ్చేసరికే పదిహేడు మంది చేతులు మారి కాస్త వెచ్చబడింది. పంజాగుట్టలో మా ఆఫీసు నాలుగో అంతస్తు, కాన్ఫరెన్స్ హాలు. పోయిన అక్టోబరు నెల. మగవాళ్ళని మర్యాదగా బయటికి పంపి, కర్టెన్లు దించి, ఒక డాక్టరమ్మ చేత మాట్లాడించారు. "దీంట్లో మూడు గోళీలున్నాయి, వెతికి పట్టుకోండి" అందావిడ. పేరోల్ చూసే అమ్మాయి రెండు పట్టుకుంది. నాకు ఒకటే దొరికింది. నా పక్కావిడ దాన్ని తాకీ తాకకుండానే "ఛీ, జున్నుముక్కలా ఉందే" అంటూ నా ఒళ్ళో పడేసింది. అందరం నవ్వాం. ఆ నవ్వు పదో తరగతిలో జీవశాస్త్రం టీచరు పేజీ తిప్పేసినప్పుడు నవ్విన నవ్వే. పాతికేళ్ళయినా దానికి వయసు రాలేదు.

రొమ్ము క్యాన్సర్ సంగతి గుర్తుచెయ్యడానికి అక్టోబరులో మా ఊళ్ళో చార్మినార్ మీద కూడా గులాబీ దీపాలు వేస్తారు. హైదరాబాదువాళ్ళకి గులాబీ అనగానే ముందు పార్టీ జెండా గుర్తొస్తుంది. ఆ రంగు చూసి ఏదో మీటింగు అనుకునేవాళ్ళూ ఉంటారు. ఆ సంగతి పక్కన పెడితే, డాక్టరమ్మ చెప్పే తీరు నాకు నచ్చింది. నెలసరి మొదలైన రోజునుంచి లెక్కపెట్టి ఏడో రోజుకీ పదో రోజుకీ మధ్య చూసుకోమంది, అప్పటికి వాపూ సలపరమూ తగ్గి ఉంటాయి కాబట్టి. నెలసరి ఆగిపోయినవాళ్ళు ఏదో ఒక తేదీ పెట్టుకోవాలి. "జీతం పడే రోజు పెట్టుకోండమ్మా, మర్చిపోరు" అంది. ముందు అద్దం ముందు నిలబడాలి. చేతులు కిందికి వేలాడేసి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుం మీద పెట్టుకుని ఒకసారి చూసుకోవాలి. చర్మం ఎక్కడైనా సొట్టపడిందా, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉందా, చనుమొన లోపలికి లాక్కుపోయిందా, రక్తంలాంటిదేమైనా కారుతోందా అని. తర్వాత మూడు వేళ్ళ మెత్తటి భాగంతో, కొనలతో పొడవకుండా, చపాతీ పిండి నానిందో లేదో చూసినట్టు తడుముకుంటూ రావాలి. మెడ కింది ఎముక దగ్గర మొదలుపెట్టి చంకలో దాకా. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దని మరీ మరీ చెప్పింది. చేటు చేసే గడ్డ మొదట్లో చాలామందికి నొప్పెట్టదట. చేతికి తగిలే గడ్డల్లో చాలావాటికి క్యాన్సర్‌తో సంబంధమే ఉండదని కూడా చెప్పింది గానీ, అప్పటికే సగంమంది మొహాలు పాలిపోయాయి.

చివర్లో అడిగింది, దీని గురించి ఇంతకుముందు విన్నవాళ్ళు ఎందరని. అన్ని చేతులూ లేచాయి. నెలనెలా చూసుకునేవాళ్ళెందరని అడిగితే రెండు చేతులు భుజం దాకా లేచి ఆగిపోయాయి.

ఈ తంతుని సర్వేలు రాసేవాళ్ళు 'అవగాహన ఉంది, ఆచరణ లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను లెక్కల మనిషిని. రెండు అంకెల మధ్య తేడా కనిపిస్తే ఆ సొమ్ము ఎక్కడికి పోయిందో చూడందే నిద్రపట్టదు. అందరికీ తెలిసి, ఇద్దరే చేస్తున్నారంటే మధ్యలో ఏదో మింగేస్తోందన్నమాట. అదేమిటో వెతికితే ముందు నేనే దొరికాను.

పరీక్షలంటే భయపడేవాళ్ళం కాదు మేం. 2002లో మైత్రీవనం వెనకసందు హాస్టల్లో దిగాను. అమీర్‌పేటకి వచ్చినవాళ్ళ బతుకే పరీక్ష. పొద్దున ట్యాలీ, మధ్యాహ్నం ఒరాకిల్, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు. రోడ్డుమీద నాలుగడుగులు వేస్తే నాలుగు పాంప్లెట్లు చేతిలో పెట్టేవారు. 'లేడీస్ హాస్టల్, ఇంటి భోజనం, 24 గంటలు వేడినీళ్ళు' అని ప్రతి స్తంభం మీదా ఉండేది. ఆ వేడినీళ్ళ సంగతి అక్కడున్నవాళ్ళకే తెలుసు. మా గదిలో ఆరు మంచాలు. అంతస్తు మొత్తానికి రెండు బాత్రూములు. పొద్దున ఆరు నుంచి బకెట్లు వరసలో ఉండేవి, మనుషులు వెనక నిద్రకళ్ళతో నిలబడేవాళ్ళం. లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసి మగ్గు ముంచేలోపే తలుపు మీద దబదబా. "అక్కా, ఎంతసేపు? ఎనిమిదికి క్లాసు!" నాలుగు మగ్గులు ఒంటిమీద కుమ్మరించుకుని తడిజుట్టుతో బయటపడడమే. అద్దం అంటే కిటికీ ఊచకి పురికొసతో కట్టిన అరచేయంత ముక్క. బొట్టు నిలువుగా ఉందో లేదో చూసుకోవడానికి సరిపోయేది. ఆ నాలుగేళ్ళలో మెడకింద నా ఒళ్ళు నేను చూసుకున్నానని చెప్పలేను.

పెళ్ళయి ఎల్లారెడ్డిగూడ వచ్చాక రెండు గదుల వాటా. గడియ సరిగా పడని బాత్రూము, పక్కనే అత్తగారి మంచం. తర్వాత పిల్ల. ఇప్పుడు సొంత ఫ్లాటు, నిలువెత్తు అద్దం, మూడు గడియలు. తీరా అన్నీ అమిరాక అలవాటు లేదు. డాక్టరమ్మ అడిగిన పది నిమిషాలు నెలకోసారి దొరకవా అంటే దొరుకుతాయి. ఆ పది నిమిషాలూ ఎవరూ తలుపు కొట్టరన్న ధీమా మాత్రం ఈనాటికీ లేదు.

అయినా, గడ్డ దొరకడానికి పది నిమిషాలు అక్కర్లేదు. నాకు సబ్బు చేతికి దొరికింది.

2019 మార్చి మొదటివారం. కుడిపక్క, చంకవైపు, పెద్ద ఉసిరికాయంత. నొక్కితే కాస్త జారింది. నొప్పి లేదు. నీళ్ళు ఆపి నిలబడ్డాను. మళ్ళీ తడిమాను. అక్కడే ఉంది. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి పిల్లకి జడ వేసి, టిఫిను డబ్బా కట్టి, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగాను. ఒక్క స్టేషన్, కూర్చునేలోపే వచ్చేస్తుంది. లేడీస్ కోచ్‌లో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఇక్కడ ఇంకెంతమందికి చేతికేదో తగిలి ఉంటుందో అనుకున్నాను. మార్చి ఎండింగ్ నెత్తిమీద ఉంది. లెక్కలు మూసేదాకా ఆగుదాంలే అని మనసులో ఒక వాయిదా వేసుకున్నాను. ఇరవై మూడు రోజులు ఎవ్వరికీ చెప్పలేదు. రోజుకి నాలుగుసార్లు మాత్రం తడిమి చూసుకున్నాను. చెయ్యి తన పని సక్రమంగానే చేసింది. నోరే లేవలేదు.

ఎందుకు లేవలేదంటే, భయం ఒకటి. మా తరానికి క్యాన్సరంటే 1981 నాటి ప్రేమాభిషేకంలో నాగేశ్వరరావే. ఆ జబ్బు వచ్చినవాడు త్యాగం చెయ్యాలి, పాడాలి, పోవాలి. బతికి మళ్ళీ ఆఫీసుకెళ్ళి పద్దులు రాసుకున్నవాళ్ళ మీద ఎవరూ పాట తియ్యలేదు. మా నానమ్మ కాలంలో దాన్ని రాచపుండు అనేవారు. ఇప్పుడు అదీ అనరు. "ఆవిడ్ని బసవతారకానికి తీసుకెళ్ళారట" అంటారు, లేదా "ఎమ్‌ఎన్‌జెలో చూపిస్తున్నారట" అంటారు. అంతే, విన్నవాళ్ళు గొంతు తగ్గిస్తారు. జబ్బు పేరు చెప్పలేక ఆసుపత్రి పేరు చెప్పే ఊరిది. బసవతారకం ఎన్టీ రామారావు గారి భార్య. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 1985లో ఆవిడ క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పేరుమీద బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరంలో ఆసుపత్రి తెరిచారు. రొమ్ము క్యాన్సర్ సర్జన్ రఘురామ్ గారు కూడా, ఆ జబ్బు దాటొచ్చిన తల్లి ఉషాలక్ష్మి గారి పేరు పెట్టే 2007లో ఫౌండేషన్ మొదలుపెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు బోర్డుల మీద అంతంత అక్షరాలతో ఉన్నాయి. ఆ బోర్డు దాటి లోపలికెళ్ళి మన ఒంట్లో భాగం పేరు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం నీళ్ళు నమలడమే.

నిజంగా నమిలాను. పదిరోజులయ్యాక ధైర్యం చేసి ఒక చిన్న క్లినిక్‌కి వెళ్ళాను. కౌంటర్ దగ్గర కుర్రాడు, వెనక క్యూ. "ఏమైందమ్మా?" అన్నాడు. "ఛాతీ దగ్గర... కొంచెం..." అన్నాను. అంతే, వాళ్ళు నన్ను పడుకోబెట్టి ఈసీజీ తీశారు. గుండె భేషుగ్గా ఉందన్నారు. నాలుగొందలు కట్టి, గుండె భేషుగ్గా ఉన్నందుకు సంతోషించి, గడ్డతో సహా ఇంటికొచ్చాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రాత్రి ఏడ్చాను.

మన భాషకి ఈ విషయంలో పేదరికం ఉందా అంటే, చచ్చినా లేదు. ప్రబంధకవులు దీనికి పెట్టినన్ని పోలికలు ఇంకే అవయవానికీ పెట్టలేదు. బంగారు కలశాలన్నారు, జక్కవపిట్టలన్నారు, తామర మొగ్గలన్నారు. వందలకొద్దీ పద్యాలు. రాసినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే, వాళ్ళలో ఒక్కరికీ గడ్డ తగల్లేదు. చంటిపిల్ల అన్న మాటలో చన్ను దాక్కునే ఉంది, మనం పట్టించుకోం. తల్లిపాలు తాగి రొమ్ము గుద్దాడని సామెత చెప్పడానికి నోరొస్తుంది. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడని మగాడి గురించి పేపర్లో రాస్తాం. అదే మాట ఒక ఆడమనిషి తన గురించి తాను డాక్టరుతో చెప్పాలంటే 'ఇక్కడ', 'అక్కడ', 'ఛాతీ', కాస్త చదువుకుంటే 'బ్రెస్ట్'. ఇంగ్లీషు మాట నాలాంటివాళ్ళకి చున్నీలాంటిది. ఉన్నది కనిపించకుండా కప్పుకోవడానికి.

ఆ చున్నీ లేని మనిషి మా ఆఫీసులోనే ఉంది. యాదమ్మ. ప్యాంట్రీలో టీ పెడుతుంది, వాష్‌రూములు కడుగుతుంది. కాంట్రాక్టు మనిషి, బోరబండ నుంచి బస్సులో వస్తుంది. మార్చి 28నో 29నో, సాయంత్రం ఏడు దాటింది. వాష్‌రూములో అద్దం ముందు నిలబడి నాకు తెలియకుండానే కుడిచంకలో చెయ్యిపెట్టి ఉన్నాను. బకెట్ పట్టుకుని వచ్చింది.

"ఏమైంది మేడమ్? మొన్న సంది చూస్తున్న, ఆడ్నే చెయ్యి పెడుతున్నవ్."

"ఏం లేదు యాదమ్మా."

"ఏం లేకపోతే గట్లెందుకు తడుముకుంటవ్? రొమ్ముల గడ్డనా?"

ఎవరైనా వింటారేమోనని తలుపువైపు చూశాను. ఇరవై మూడు రోజులుగా నేను గొంతులో దాచుకున్న మాట ఆవిడ ఫినాయిల్ కలుపుతూ అనేసింది.

"చూపిచ్చుకోలేదా ఇంక? మా యారాలు గిట్లనే దాసుకున్నది. సిగ్గు వడ్డది. సిగ్గు ఏం జేస్తది బిడ్డా, గడ్డ వెరుగుతది గని. రేపు పో."

మర్నాడు పోయాను. ఈసారి కౌంటర్ దగ్గర మాట అరువు తెచ్చుకుని, యాదమ్మ అన్నట్టే అన్నాను. ఈసీజీ తియ్యలేదు. డాక్టరు చేత్తో చూసింది, మామోగ్రామ్ తీయించింది, అల్ట్రాసౌండ్ చేయించింది. చెయ్యి, బొమ్మ, అనుమానం ఉంటే సూది, ఈ మూడూ ఒకే మాట చెబితేనే తేల్చుకుంటారట. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని మా పెద్దత్తయ్య ఫోన్లో బెదిరించింది. అది ఒట్టి అపోహ అని డాక్టరు రోజుకి పదిమందికి చెప్పే ఓపికతో నాకూ చెప్పింది. నాది నీటితిత్తి. సూదితో నీళ్ళు లాగేశారు. ఏడు నిమిషాల పని. దానికోసం నేను దాచుకున్నది ఇరవై మూడు రోజులు.

నాది నీటితిత్తి కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. మన దేశంలో 2022లో కొత్తగా సుమారు 1.92 లక్షల మంది ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 98 వేలమంది పోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కల అంచనా. మళ్ళీ నా బుద్ధి రెండు అంకెల మధ్యకే పోయింది. ఇద్దరికి వస్తే ఒకరు పోతున్నట్టు కనిపిస్తోంది. ధనిక దేశాల్లో ఇంత దగ్గరగా ఉండవు ఆ రెండంకెలూ. మన దగ్గర చాలామంది డాక్టరు దగ్గరికి చేరేసరికే జబ్బు ముదిరి ఉంటోంది.

అయితే నెలనెలా తడుముకోవడం నేర్పేస్తే అంకెలు విడిపోతాయా? ఇక్కడ నాకు ఎదురైన సంగతి ఒకటి మింగుడుపడలేదు. షాంఘైలో 519 బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద పెద్ద పరిశోధన చేశారు. 1989 నుంచి 1991 దాకా మనుషుల్ని చేర్చుకున్నారు, మొత్తం 2,66,064 మంది. అచ్చం మాలాంటి ఉద్యోగస్తులు, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళు. సగంమందికి రబ్బరు నమూనాలతో నేర్పారు, మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు, ఆరునెలలకోసారి దగ్గరుండి చేయించారు. మిగతా సగానికి నేర్పలేదు. పదేళ్ళపైన ఆగి లెక్క చూసి 2002లో బయటపెట్టారు. నేర్పినవాళ్ళలో ఈ జబ్బుతో పోయినవాళ్ళు 135 మంది. నేర్పనివాళ్ళలో 131 మంది. ఏమాత్రం తేడా లేదు. పైగా నేర్పిన గుంపులో హానిలేని గడ్డలకే బయాప్సీలు దాదాపు రెట్టింపు జరిగాయి. అమెరికా క్యాన్సర్ సొసైటీ కూడా ఈ నెలవారీ పరీక్షని అందరికీ సిఫారసు చెయ్యడం మానేసింది. ఒంటి తీరు ఎరిగి ఉండండి, మార్పు కనిపిస్తే వెంటనే చూపించుకోండి అంటోంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ కాన్ఫరెన్స్ హాలు మీద కోపమొచ్చింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, ఆ లెక్కలో నా కథే కనిపించింది. నేర్పనివాళ్ళ చేతికీ గడ్డలు తగులుతూనే ఉంటాయి కదా, స్నానం చేస్తూ, రవిక తొడుక్కుంటూ. నాకెవరు నేర్పారు? వేళ్ళకి పాఠం చెప్పినంత మాత్రాన చాలదు. దొరికాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. ఎవరితో అంటుంది, ఏ మాటతో అంటుంది, ఆ రోజు సెలవు ఎవరిస్తారు, ఎవరు తోడెళ్తారు? బొంబాయిలో ఇంకోరకంగా చేసి చూశారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు, ఆడవాళ్ళే, రెండేళ్ళకోసారి తమ చేత్తో చూశారు. 1,51,538 మందిని ఇరవయ్యేళ్ళు గమనించారు. యాభై దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేల్చారు. అంతకన్నా చిన్నవాళ్ళలో అంత ఫలితం కనబడలేదు. నాకు ఆ చేతికంటే దాని వెనకున్న నోరు ముఖ్యమనిపిస్తుంది. 'ఇదేంటమ్మా, పద చూపిద్దాం' అనడానికి ఎదురుగా ఒక ఆడమనిషి ఉంది.

తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మొదలుపెట్టారు. మొదట వంద ఆసుపత్రుల్లో, ప్రతి మంగళవారం ఆడవాళ్ళకే. రొమ్ము పరీక్ష కూడా అందులో పెట్టారు. మంచి పని. మంగళవారమే ఎందుకో మాత్రం అర్థం కాలేదు. మంగళవారం కొత్త పనికి గడప దాటనివాళ్ళు మా ఇళ్ళల్లోనే ఉన్నారు. దాటదలుచుకున్నవాళ్ళకి ఆ రోజు డ్యూటీ.

యాదమ్మకి దార్లు లేక కాదు. పంజాగుట్టలో నిమ్స్ మా కిటికీలోంచి కనిపిస్తుంది. ఈఎస్‌ఐ కార్డుంది, అమీర్‌పేట దాటాక రెండో స్టేషన్లో దిగితే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రే. పంజాగుట్ట నుంచి అటు మూడు స్టేషన్లు పోతే లక్డీకాపూల్, ఎమ్‌ఎన్‌జెకి అక్కణ్ణించి ఆటో. లేనిదల్లా రోజుకూలి పోకుండా పోయివచ్చే పూట. నాకు సెలవులు మిగిలి మురిగిపోయేవి, నోరు లేదు. ఆవిడకి నోరుంది, సెలవు లేదు. ఆవిడ యారాలు, అదే ఆ తోడికోడలు, ముందు బల్కంపేట ఎల్లమ్మకి మొక్కుకుందట. బావిలో పడుకున్న తల్లికైతే వినడానికి టోకెన్ అక్కర్లేదు. ఆ తర్వాత ఆవిడ ఏమైందో నేను అడగలేదు. యాదమ్మ చెప్పలేదు.

ఆ అక్టోబరు మీటింగుకి యాదమ్మని పిలవలేదు. కావాలని కాదు. పిలుపు మెయిల్లో వచ్చింది, ఆవిడకి మెయిల్ లేదు. గంటన్నరసేపు తలుపు బయట టీ ట్రేతో నిలబడింది, ఎప్పుడు లోపలికి రమ్మంటారో తెలియక. అందరూ గులాబీ రిబ్బన్లు పెట్టుకుని ఫొటో దిగి వెళ్ళాక కప్పులు తియ్యడానికి వచ్చింది. డాక్టరమ్మ హెచ్చార్ మేడమ్ గదిలో ఉంది. రబ్బరు రొమ్ము బల్లమీదే ఉండిపోయింది. నేను చార్జర్ మర్చిపోయి వెనక్కొచ్చాను.

యాదమ్మ ఒక చేతిలో కప్పులు పట్టుకునే రెండో చెయ్యి దానిమీద వేసింది. రెండు వేళ్ళు ఇటు, రెండు అటు.

"మూడున్నయ్" అంది.

"నాకు ఒకటే దొరికింది" అన్నాను.

"బియ్యంల రాళ్ళేరిన చేతులు ఇవి." కప్పులు కింద పెట్టింది. "గిది నేర్పిండ్రా ఇంతసేపు?"

"నీవి ఎప్పుడైనా చూసుకున్నావా?"

"నాకెవరు చూపిచ్చిన్రు మేడమ్?"

వెళ్ళి తలుపు గడియ పెట్టాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, నా చెయ్యెత్తి, చీరమీదే చూపించాను. ఎముక దగ్గర నుంచి కిందికి, పక్కకి, చంకలో. ఆవిడ కొంగు నడుంలో దోపుకుని మెల్లిగా మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంది.

తలుపు మీద దబదబా. "మేడమ్, నాలుగింటికి సేల్స్ వాళ్ళ రివ్యూ ఉంది, హాలు కావాలి."

"ఆగు కొడుకా" అంది యాదమ్మ, కళ్ళు తెరవకుండానే. "ఇంకో పక్కున్నది."